దుఃఖానికి ఒక జన్యువు ఉన్నదా?

మనస్సుకు జబ్బు ఎందువల్ల వస్తుంది? ఈ ప్రశ్నకు లోకంలో చాలాకాలంగా రెండు జవాబులు ప్రచారంలో ఉన్నవి. అది రక్తంలోనే ఉన్నదని కొందరంటారు. పెంపకమూ, కష్టాలూ, పరిసరాలూ కారణమని మరికొందరంటారు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు “వాళ్ళ వంశంలో ఎవరికైనా మతి చలించిందా?” అని గుచ్చి గుచ్చి అడిగే పెద్దలు మొదటి జవాబును నమ్మినవారు. పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడక ఒక మూల కూర్చుంటే “తల్లి పెంపకం అట్లా ఉన్నది” అనే ఇరుగుపొరుగువారు రెండవ జవాబును నమ్మినవారు. ఈ రెండింటిలోనూ ఒక పోలిక ఉన్నది. నేరం మోపడానికి ఒక మనిషో, ఒక వంశమో దొరుకుతుంది. జబ్బుపడినవానికి మాత్రం దానివల్ల రవంతైనా మేలు కలగదు.

2003వ సంవత్సరంలో ఈ రెండు జవాబులనూ ఒకే సూత్రంలో ఇమిడ్చిన పరిశోధన ఒకటి వెలువడింది. ఫలానా జన్యువు ఫలానా రూపంలో ఉన్నవారికి కష్టాలు వస్తే విషాదరోగం పట్టుకుంటుందనీ, మరొక రూపంలో ఉన్నవారు అవే కష్టాలను తట్టుకుంటారనీ దాని సారాంశం. డిప్రెషన్ అని నేడు అందరూ అనే జబ్బే ఈ విషాదరోగం. ఆ పరిశోధనను ప్రపంచం చప్పట్లతో స్వీకరించింది. పాఠ్యగ్రంథాలలో చేరింది, తరగతులలో పాఠమైంది. తరువాతి పదహారు సంవత్సరాలలో అది క్రమంగా వీగిపోయింది. వీగిపోయిన సంగతి మాత్రం పాఠాలలోకి అంత త్వరగా చేరలేదు. కనుక ఆ పరిశోధనలో మంచి యేది, లోపం యేది, దానినుండి నేర్చుకోవలసినది యేది అని తూచి చూడవలసిన అవసరం ఉన్నది.

వంశంలో నడిచేదంతా వంశపారంపర్యమా?

మొదట ఒక పాత కథ. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా అనే వ్యాధి వేలకొద్దీ జనాన్ని పీడించింది. చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, చివరకు మతి చెడటం దాని లక్షణాలు. పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండిపోయినవి. జబ్బు కొన్ని కుటుంబాలలోనే మళ్ళీ మళ్ళీ కనిపించడం చూసి చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1916లో దీనిలో వంశపారంపర్య కారణం ఉన్నదని వ్రాశాడు.

అప్పటికే జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే ప్రభుత్వ వైద్యుడు వేరొక త్రోవన పోతున్నాడు. అనాథ శరణాలయాలలో పిల్లలకు ఈ జబ్బు వస్తున్నది గాని, వారిని చూసుకునే సిబ్బందికి రావడం లేదని అతడు గమనించాడు. పిల్లల భోజనంలో పాలు, మాంసం, గుడ్లు చేర్పించాడు. జబ్బు మాయమైంది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లమనే విటమిను లోపమే దీనికి మూలమని తేల్చడానికి దారి చూపాడు. ఆ విటమినునే నేడు నియాసిన్ అంటారు. అంతమందికి మతి చెడగొట్టినది రక్తం కాదు, కంచంలోని లోటు.

ఈ కథకు తెలుగుదేశంతో కూడా సంబంధం ఉన్నది. జొన్న ముఖ్యాహారంగా ఉన్న దక్కను పీఠభూమి పల్లెలలో, పేదలలో, పెల్లాగ్రా కనిపించేది. కూనూరునుండి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషణ పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ రోగులను పరిశీలించారు. జొన్నలో లూసిన్ అనే ఎమినో ఆమ్లం హెచ్చుగా ఉండటం ఇందుకు కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తరువాత చాలా చర్చ జరిగింది. కాని చర్మంమీది మచ్చలూ, మనస్సులోని విషాదమూ ఒకే ఆహారలోపంనుండి పుట్టగలవన్న సంగతిలో సందేహం లేదు.

దీనివల్ల తేలే నీతి సులభమైనది. ఒక కుటుంబంవారు రక్తాన్ని మాత్రమే పంచుకోరు. వంటయింటిని కూడా పంచుకుంటారు. ఇంటి గోడలనూ, బావి నీటినీ, అప్పులనూ, భయాలనూ పంచుకుంటారు. కనుక “వంశంలో నడుస్తున్నది” అనడం వేరు, “వంశపారంపర్యంగా వస్తున్నది” అనడం వేరు. ఈ రెంటినీ విడదీయడానికి ప్రత్యేకమైన పరీక్ష కావాలి.

అటువంటి పరీక్షను 1966లో లెనార్డ్ హెస్టన్ చేశాడు. స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మనోవ్యాధి గల తల్లులకు అమెరికాలోని ఓరెగాన్‌లో పుట్టి, పుట్టిన కొద్దిరోజులలోనే తల్లులనుండి వేరుచేయబడి ఇతరుల వద్ద పెరిగిన 47 మందిని అతడు పెద్దయిన తరువాత వెదకి పరీక్షించాడు. వారిలో 5 గురికి ఆ వ్యాధి కనిపించింది. అదే విధంగా తల్లులనుండి వేరుపడి, తల్లికి ఆ వ్యాధి లేని 50 మందిలో ఒక్కరికీ కనిపించలేదు. అంటే అనువంశికత పాత్ర కొంత ఉన్నది. ఆ రోజులలో పాశ్చాత్య వైద్యులలో కొందరు “జబ్బు పుట్టించే తల్లి” అని ఒక మాట కల్పించి, పెంపకంలోని చల్లదనమే బిడ్డకు ఈ వ్యాధి తెచ్చిందని తల్లులను నిందించేవారు. ఆ నింద నిరాధారమైనదని చూపడానికి హెస్టన్ పరిశోధన తోడ్పడింది.

అయితే అనువంశికత మాట పలికేటప్పుడు మరొక చరిత్రను మరువరాదు. 1933లో జర్మనీ నాజీ ప్రభుత్వం వంశపారంపర్య రోగుల సంతానాన్ని నిరోధించే చట్టం చేసింది. స్కిజోఫ్రెనియా ఆ చట్టంలోని రోగాలలో ఒకటి. ఎర్నస్ట్ ర్యూడిన్ అనే మనోవ్యాధి శాస్త్రజ్ఞుడు ఆ చట్టానికి వ్యాఖ్యానం వ్రాసినవారిలో ఒకడు. సుమారు 4 లక్షలమందికి బలవంతంగా సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేశారు. తరువాత రోగులను చంపడం కూడా జరిగింది. కాబట్టి జన్యువులను గురించి చెప్పే మాట తేలికగా చెప్పదగినది కాదు. తప్పు తూకం వేస్తే దాని ఫలితం మనుష్యుల మీద పడుతుంది.

డునెడిన్ పరిశోధన

న్యూజిలాండు దేశంలో డునెడిన్ అనే పట్టణం ఉన్నది. అక్కడ 1972 ఏప్రిల్‌కూ 1973 మార్చికీ మధ్య పుట్టిన 1,037 మంది పిల్లలను మూడవ యేటినుండి శాస్త్రజ్ఞులు విడువకుండా పరిశీలిస్తూ వచ్చారు. ఆవ్‌షలోమ్ కాస్పీ, టెరీ మోఫిట్, వారి సహచరులు ఈ పిల్లలు 26 యేండ్లవారైన తరువాత ఒక ప్రశ్న వేశారు. అందరికీ కష్టాలు వస్తున్నవి. కాని కొందరు కుంగిపోతున్నారు, కొందరు నిలదొక్కుకుంటున్నారు. ఈ తేడా ఎక్కడినుండి వస్తున్నది?

మెదడులో ఒక నాడీకణంనుండి మరొకదానికి వార్తను చేరవేసే రసాయనాలలో సెరటోనిన్ ఒకటి. పని ముగిసిన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి తోడుకొనిపోయే ప్రోటీను ఒకటి ఉన్నది. విషాదరోగానికి వాడే మందులలో ఎక్కువభాగం ఈ ప్రోటీను మీదనే పనిచేస్తవి. దీనిని తయారుచేయించే జన్యువు 17వ క్రోమోసోమ్‌లో ఉన్నది. ఆ జన్యువు ముందుభాగంలో ఒకచోట కొందరికి కొద్దిపాటి ముక్క తక్కువగా ఉంటుంది. అది పొట్టి రూపం; ముక్క పూర్తిగా ఉన్నది పొడుగు రూపం. ప్రతి మనిషికీ తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వస్తుంది కనుక రెండూ పొట్టివి కావచ్చును, రెండూ పొడుగువి కావచ్చును, ఒక్కొక్కటి కావచ్చును. పొట్టి రూపానికీ ఆందోళన స్వభావానికీ స్వల్పమైన సంబంధం ఉన్నదని క్లాస్ పీటర్ లెష్, అతని సహచరులు 1996లో 505 మందిని పరీక్షించి ప్రకటించారు. స్వభావంలోని తేడాలలో 3, 4 శాతం మాత్రమే దీనివల్ల కలుగుతుందని వారు చెప్పిన మాట.

కాస్పీ బృందం 847 మందిని తీసుకొని, 21వ యేటినుండి 26వ యేటివరకు వారికి వచ్చిన ఉద్యోగ, ధన, ఆరోగ్య, కుటుంబ కష్టాలను లెక్కించింది. నాలుగు లేక అంతకంటె ఎక్కువ కష్టాలు వచ్చినవారిలో పొట్టి రూపం ఒక్కటైనా ఉన్నవారికి 33 శాతం, రెండూ పొడుగు రూపాలే ఉన్నవారికి 17 శాతం విషాదరోగం వచ్చినట్లు తేలింది. కష్టాలు లేనివారిలో జన్యువు ఏ రూపంలో ఉన్నా తేడా కనిపించలేదు. ఆ యేటి ముఖ్యమైన శాస్త్రవిజయాల పట్టికలో ఈ రకమైన పరిశోధనలకు ‘సైన్స్’ పత్రిక పెద్దపీట వేసింది.

మెచ్చదగిన అంశాలు

ఈ పరిశోధనను విమర్శించేవారు మొదట దాని సుగుణాలను ఒప్పుకోవాలి. రోగం వచ్చిన తరువాత రోగిని పిలిచి “నీ బాల్యం ఎట్లా గడిచింది?” అని అడిగితే, దుఃఖంలో ఉన్న మనస్సుకు పాత సంగతులన్నీ చీకటిగానే తోస్తవి. డునెడిన్ శాస్త్రజ్ఞులు అట్లా చేయలేదు. రోగం రాకముందునుండీ ఒక ఊరి పిల్లలను వెన్నంటి చూశారు. 26వ యేటికి కూడా బతికి ఉన్నవారిలో 96 శాతంమంది వారి చేయి జారిపోలేదు. ఇది సామాన్యమైన శ్రమ కాదు.

రెండవ సుగుణం ప్రశ్నలోనే ఉన్నది. జన్యువా, పరిసరమా అని కొట్లాడుకోవడం మాని, జన్యువూ పరిసరమూ కలిసి ఏమి చేస్తున్నవని అడగడం సరియైన త్రోవ. అంతకుముందు ఈ రెండు పక్షాలవారూ ఒకరి పత్రికలను మరొకరు చదివేవారు కారు. ఆ గోడను పగులగొట్టినందుకు ఈ పరిశోధనకు కీర్తి దక్కడం న్యాయమే. ప్రశ్న మంచిదైనంత మాత్రాన జవాబు నిజం కానక్కరలేదు.

తూనికలో తేలినది

శాస్త్రంలో ఒకరు చెప్పిన మాటను మరొకరు మళ్ళీ చేసి చూడాలి. ఎంతోమంది చేశారు. కొందరికి అదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు, కొందరికి తలక్రిందులుగా వచ్చింది. 2009లో నీల్ రిష్, కాథ్లీన్ మెరికాంగస్, వారి సహచరులు 14 పరిశోధనలలోని 14,250 మంది వివరాలను కలిపి లెక్కకట్టారు. కష్టాలు ఎక్కువైతే విషాదరోగం ఎక్కువవుతుందని స్పష్టంగా కనిపించింది. జన్యువు రూపానికి మాత్రం ఏ ప్రభావమూ కనిపించలేదు. ఒంటరిగానూ లేదు, కష్టాలతో కలిసీ లేదు.

2011లో మరొక బృందం 54 పరిశోధనలను కలిపి, మొదటి ఫలితం నిజమేనని వాదించింది. ఒకే ప్రశ్నకు రెండు లెక్కలు రెండు జవాబులు చెప్పడం పాఠకునికి వింతగా తోచవచ్చును. కారణం ఇది: కష్టమంటే యేమిటి, రోగమంటే యేమిటి, ఎవరిని లెక్కలో చేర్చాలి అనేవి ఒక్కొక్క పరిశోధనలో ఒక్కొక్క రీతిగా ఉన్నవి. కొలపాత్రలు వేరైనప్పుడు ధాన్యపురాశులను కలిపి కొలిచినా లెక్క తేలదు.

ఈ చిక్కు తీరడానికి రెండు పక్షాలవారూ ఒక పద్ధతికి కట్టుబడ్డారు. ఎట్లా లెక్కకట్టాలో ముందుగానే వ్రాసి ప్రకటించి, ఆ తరువాతనే లెక్క మొదలుపెట్టారు. 31 చోట్లనుండి 38,802 మంది వివరాలు చేరినవి. 2018లో అచ్చయిన ఈ పరిశోధనలో జన్యువూ కష్టాలూ కలిసి గట్టి ప్రభావం చూపుతున్నవనడానికి ఆధారం దొరకలేదు. ఒకవేళ అటువంటిది ఉన్నా అది చాలా స్వల్పమనీ, అన్ని పరిస్థితులకూ వర్తించదనీ తేలింది. 2019లో రిచర్డ్ బోర్డర్, మాథ్యూ కెల్లర్ మొదలైనవారు విషాదరోగానికి కారణాలుగా పేరుపొందిన 18 జన్యువులను, కొన్ని లెక్కలలో 4,43,264 మందివరకూ తీసుకొని పరీక్షించారు. పేరుపడిన ఈ జన్యువులకు గుడ్డిగా ఏరితెచ్చిన ఇతర జన్యువులకంటె విషాదరోగంతో ఎక్కువ సంబంధం లేదు.

లోపం ఎక్కడ?

శాస్త్రజ్ఞులు మోసం చేశారని ఎవరూ అనుకోరాదు. లోపం లెక్కలో ఉన్నది. దానిని హైస్కూలు విద్యార్థి కూడా గ్రహించగలడు.

847 మందిలో నాలుగు కష్టాలు దాటినవారు 15 శాతం, అంటే సుమారు 127 మంది. రెండూ పొడుగు రూపాలే ఉన్నవారు మొత్తంలో 31 శాతం. ఆ పాళ్ళ ప్రకారం లెక్కవేస్తే, నాలుగు కష్టాలూ, రెండు పొడుగు రూపాలూ ఉన్నవారు సుమారు 40 మంది అవుతారు. వారిలో 17 శాతం అంటే 7 గురు. ఈ 7 గురు 12 మంది అయివుంటే శాతం 30కి చేరేది. గొప్ప తేడా కాస్తా కరిగిపోయేది. అంటే ప్రపంచమంతా మెచ్చిన ఒక సిద్ధాంతం అయిదుగురు మనుష్యుల క్షేమసమాచారం మీద నిలిచి ఉన్నదన్నమాట. అయిదుగురి సంగతి యాదృచ్ఛికంగా అటూ ఇటూ కావడం ఎంతసేపు?

రెండవ లోపం జన్యువును ఎంచుకున్న తీరులో ఉన్నది. మనిషికి సుమారు 20,000 జన్యువులు ప్రోటీనులను తయారుచేయించేవి ఉన్నవి. వాటిలో మెదడులో పనిచేసేవి వేలు. విషాదరోగపు మందు సెరటోనిన్ మీద పనిచేస్తున్నది కనుక జబ్బుకు మూలం కూడా అక్కడే ఉండాలని ఊహించడం సహజమే గాని, తప్పనిసరి కాదు. తలనొప్పికి ఆస్పిరిన్ పనిచేస్తుంది. అంతమాత్రాన తలనొప్పి ఆస్పిరిన్ లోపంవల్ల వచ్చిందని ఎవరూ అనరు.

మూడవ లోపం పత్రికలది. అనుకూల ఫలితం వెంటనే అచ్చవుతుంది. ప్రతికూల ఫలితం బల్లసొరుగులో ఉండిపోతుంది. ఈ సంగతిని లారామీ డంకన్, మాథ్యూ కెల్లర్ 2011లో లెక్కతో చూపారు. మనోవ్యాధులలో జన్యువు, పరిసరం కలిసి చేసే ప్రభావాన్ని గురించి పదేండ్లలో వచ్చిన పరిశోధనలను వారు పరీక్షించారు. కొత్త సంగతి మొదటిసారి చెప్పిన పరిశోధనలలో 96 శాతం అనుకూలంగా ఉన్నవి. అదే సంగతిని మళ్ళీ చేసి చూసినవాటిలో 27 శాతం మాత్రమే అనుకూలంగా ఉన్నవి.

దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చును. 40 మంది విద్యార్థులచేత ఒక్కొక్క నాణెం పదేసిసార్లు ఎగరవేయించండి. పదింటిలో ఎనిమిది లేక అంతకంటె ఎక్కువ బొమ్మలు పడటానికి 1,024 అవకాశాలలో 56 ఉన్నవి. కనుక 40 మందిలో ఒకరిద్దరికి తప్పక అట్లా పడే వీలున్నది. ఆ ఒకరిద్దరు మాత్రమే తమ ఫలితాన్ని నల్లబల్ల మీద వ్రాసి, తక్కిన 38 మంది ఊరకుంటే, ఆ గదిలోకి అప్పుడే వచ్చినవానికి నాణెంలో ఏదో మహిమ ఉన్నదనిపిస్తుంది. ఎగరవేసినవారు అబద్ధమాడలేదు. బల్లమీద అంకె తప్పు కాదు. తప్పంతా వ్రాయకుండా మిగిలిపోయిన అంకెలలో ఉన్నది.

జల్లెడపట్టే కొత్త పద్ధతి

ఈ పరాజయంవల్ల శాస్త్రం వెనుకకు పోలేదు. ఒక జన్యువును ముందుగా అనుమానించడం మాని, జన్యురాశి అంతటినీ లక్షలాది మందిలో జల్లెడపట్టే పద్ధతి వచ్చింది. స్కిజోఫ్రెనియా విషయంలో 2014లో 108 స్థానాలు, 2022లో 76,755 మంది రోగులనూ 2,43,649 మంది ఇతరులనూ పోల్చి చూడగా 287 స్థానాలు బయటపడ్డవి. విషాదరోగం విషయంలో 2019లో ఎనిమిది లక్షలకు పైగా మందిని చూసి 102 స్థానాలను గుర్తించారు. ప్రతి స్థానమూ చేసే పని బహుస్వల్పం. అన్నీ కలిసి కొంత మొగ్గును కలిగిస్తవి. పాత పరిశోధనలు ఒక మహావృక్షం కోసం వెదకినవి. నిజానికి అక్కడ ఉన్నది గడ్డిమైదానం.

ఈ కొత్త పద్ధతికీ విమర్శ తప్పదు. పరీక్షింపబడినవారిలో అధికభాగం యూరోపు సంతతివారు. వారిమీద తయారైన లెక్కను ఇతర ప్రజలకు అన్వయిస్తే గురి తగ్గుతుంది. తెలుగువారికి ఈ లెక్క ఎంతవరకు వర్తిస్తుందో ఇక్కడివారిని పెద్దసంఖ్యలో పరీక్షించి తేల్చవలసినదే. యూరోపువారిలో సైతం ఒక వ్యక్తికి జబ్బు వస్తుందో రాదో ఈ లెక్క చెప్పలేదు.

మరొక మాటను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. కవలపిల్లల పరిశోధనలను కలిపి 2000లో కట్టిన లెక్క ప్రకారం విషాదరోగంలో అనువంశికత పాలు 37 శాతం. ఒక మనిషి దుఃఖంలో 37 పాళ్ళు తల్లిదండ్రులనుండి వచ్చి, 63 పాళ్ళు లోకంనుండి వచ్చిందని దీని అర్థం కాదు. అది ఒక సమాజంలో మనుష్యుల మధ్య ఉన్న తేడాలకు సంబంధించిన అంకె. ఒకే రకం వరి విత్తనాన్ని నీరున్న మడిలోనూ, నీరందని మెట్టలోనూ చల్లితే పంటలోని తేడా అంతా నేలవల్లనే. వేర్వేరు విత్తనాలను ఒకే మడిలో చల్లితే తేడా అంతా విత్తనంవల్లనే. పరిస్థితి మారితే పాలు కూడా మారుతుంది.

పరిసరాల సంగతి

పరిసరాలను గురించిన పరిశోధనలు అన్నీ నిర్దుష్టమైనవని కాదు. కష్టాలవల్ల విషాదం వచ్చిందా, విషాదం మొదలైనందువల్ల ఉద్యోగం పోయి కష్టాలు వచ్చినవా అని విడదీయడం చాలా కష్టం. అందుచేత జనుల మంచిచెడ్డలను ఎంచకుండా అందరిమీదా ఒక్కసారిగా పడిన విపత్తులు శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన ఆధారాలైనవి.

1944–45 చలికాలంలో జర్మను సైన్యం పశ్చిమ హాలెండుకు ఆహారం అందకుండా చేసింది. ఆ కరువు ముమ్మరంగా ఉన్నప్పుడు గర్భంలో పడిన శిశువులు పెద్దవారైన తరువాత వారిలో స్కిజోఫ్రెనియా సుమారు రెట్టింపుగా కనిపించింది. చైనాలో 1959–61 మధ్య వచ్చిన మహాక్షామాన్ని గురించి అన్హుయ్ రాష్ట్రంలోని వుహు ప్రాంతంలో చేసిన పరిశోధన 2005లో వెలువడింది. అక్కడ 1959లో పుట్టినవారిలో ఈ వ్యాధి 0.84 శాతం, 1960లో పుట్టినవారిలో 2.15 శాతం, 1961లో పుట్టినవారిలో 1.81 శాతం. దేశాలు వేరు, జాతులు వేరు, కాలాలు వేరు, ఫలితం ఒక్కటే. ఒంటరి పరిశోధనకూ, రెండుచోట్ల వేర్వేరుగా రుజువైన దానికీ ఉన్న తేడా ఇదే.

ఇక్కడ కూడా హెచ్చరిక అవసరం. క్షామకాలంలో జననాలు బాగా పడిపోయినవి. ఎవరికి బిడ్డలు పుట్టారు, ఆ బిడ్డలలో ఎవరు బతికారు అనే ప్రశ్న మిగిలే ఉన్నది. అదీగాక వుహులో 1960లో పుట్టినవారిలో నూటికి 97 మందికి పైగా ఆ వ్యాధి రాలేదు. పరిసరం కూడా విధి కాదు.

తరగతి గదిలో

జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయునికి ఈ చరిత్ర రెండు విధాల ఉపయోగపడుతుంది. మొదటిది శాస్త్రపద్ధతికి సంబంధించినది. పత్రికలో “ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది” అనే వార్త కనిపించినప్పుడు విద్యార్థులచేత నాలుగు ప్రశ్నలు వేయించవచ్చును. ఎంతమందిని పరీక్షించారు? పోల్చిన ప్రతి గుంపులోనూ ఎందరున్నారు? మరొకరు, మరొకచోట, మళ్ళీ చేసి చూశారా? లెక్క కట్టే పద్ధతిని ముందుగా ప్రకటించారా, ఫలితం చూసి ఎంచుకున్నారా? ఈ నాలుగింటికీ జవాబు దొరకనంతవరకు ఆ వార్తను పాఠంగా చెప్పనక్కరలేదు. కొన్ని పుస్తకాలలో నేటికీ పొట్టి, పొడుగు జన్యువుల కథ నిలిచి ఉన్నట్లయితే దానిని తీసివేయకుండా, తరువాత జరిగిన కథను కూడా చేర్చి చెప్పడం మంచిది. వీగిపోయిన సిద్ధాంతంనుండి నేర్చుకునేది నిలిచిన సిద్ధాంతంనుండి నేర్చుకునేదానికంటె తక్కువ కాదు.

రెండవది మనుష్యులకు సంబంధించినది. పాఠం ముగిసిన తరువాత ఒక విద్యార్థి వెనుకగా వచ్చి, “మాస్టారూ, మా అమ్మకు ఆ జబ్బు ఉన్నదండీ. నాకు కూడా వస్తుందా?” అని అడగవచ్చును. ఆ పిల్లవానికి చెప్పవలసిన జవాబు హెస్టన్ లెక్కలోనే ఉన్నది. జబ్బు గల తల్లులకు పుట్టిన 47 మందిలో 42 మందికి స్కిజోఫ్రెనియా రాలేదు. అందరికంటె కొంత ఎక్కువ అవకాశం ఉన్నమాట దాచవలసిన పని లేదు. రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ అన్నమాట కూడా దాచరాదు. వచ్చినప్పటికీ వైద్యం ఉన్నది. త్వరగా చూపించుకుంటే మేలు ఎక్కువ. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అంకెకు ఫోను చేసి తమ భాషలోనే సలహా అడగవచ్చును.

అంతకుమించి తల్లి పెంపకాన్నిగాని, వంశాన్నిగాని నిందించడానికి శాస్త్రం అనుమతి ఇవ్వదు. నూరేండ్ల పరిశోధనలో ఏ ఒక్క జన్యువూ, ఏ ఒక్క కష్టమూ తానొక్కటే ఈ వ్యాధులను సాధారణంగా కలిగిస్తున్నట్లు రుజువు కాలేదు. పెల్లాగ్రాలో ఒకే కారణం దొరికింది కనుక అన్నింటా ఒకే కారణం దొరకాలని ఆశించడం, ఆ ఆశతో తొందరపడటం, పరిశోధకులనే పొరపాటులో పడవేసింది. సంబంధాలు చూసే పెద్దలు అదే పొరపాటు చేస్తే ఒక పిల్ల బతుకు చెడుతుంది. వారికి అటువంటి తీర్పు చెప్పే ఆధారం శాస్త్రంలో లేదని చెప్పగలిగిన చదువరులను తయారుచేయడం బడి పంతులు చేయగల పనులలో ఒకటి.